సుంకం తగ్గింది.. మరి స్విస్ వాచీ ధర తగ్గిందా? గుమ్మఘట్ట పెళ్లింట్లో కూర్చుని లెక్క వేస్తే తేలేది ఇదే!

'స్విస్ వాచీలు చవక కాబోతున్నాయ్'.. కొన్నాళ్లుగా యూట్యూబ్‌లో, వాట్సాప్ స్టేటస్‌ల్లో తెగ తిరుగుతున్న మాట ఇది. దీనికి కారణం లేకపోలేదు. భారత్‌కు, స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీచెన్‌స్టైన్‌లతో కూడిన ఎఫ్టా కూటమికి మధ్య 2024 మార్చి 10న కుదిరిన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 15 ఏళ్లలో 100 బిలియన్ డాలర్ల పెట్టుబడి, 10 లక్షల ఉద్యోగాలు.. ఇవన్నీ పేపర్లలో వచ్చిన పెద్ద లెక్కలు. జనం నోళ్లలో నానింది మాత్రం రెండే రెండు. ఒకటి చాక్లెట్, రెండోది వాచీ!

అయితే ఈ కబురు హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ఒక రకంగా వినిపిస్తే, అనంతపురం జిల్లా గుమ్మఘట్ట మండలంలో ఇంకో రకంగా వినిపిస్తుంది. కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న మెట్ట ప్రాంతం ఇది. రాష్ట్రంలోనే అతి తక్కువ వాన పడే జిల్లా. వేదవతి మీద భైరవానితిప్ప ప్రాజెక్టు ఉన్నా, ఆ చెరువు నిండిన ఏడాది పండగే. మిగతా ఏళ్లన్నీ బోరు మీద, వేరుశనగ మీద, దేవుడి మీద భారం. ఇలాంటి చోట స్విస్ వాచీతో ఎవరికేం పని అనుకుంటే పొరపాటే. పని ఉంది. ఆ పని పేరు పెళ్లి.

సైకిల్, రేడియో, వాచీ.. ఇప్పుడు స్విస్!

పెళ్లికొడుక్కి వాచీ పెట్టడం ఈ ప్రాంతంలో పాత ఆనవాయితీనే. ఒకప్పుడు సైకిల్, రేడియో, వాచీ.. ఈ మూడూ ఉంటే ఘనమైన పెళ్లి కింద లెక్క. అప్పట్లో వాచీ అంటే హెచ్‌ఎంటీ. జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో మొదలైన ఆ ఫ్యాక్టరీ దేశమంతా వాచీలు కట్టించింది. ఆ తర్వాత తుమకూరులోనూ ఒక ఫ్యాక్టరీ పెట్టారు. అంటే రాయదుర్గం వైపు జనానికి హెచ్‌ఎంటీ ఎక్కడో తయారయ్యే వస్తువు కాదు, సరిహద్దు దాటితే వచ్చే పక్క రాష్ట్రంలో తయారయ్యేది. జనతా, పైలట్, కాంచన్.. ఈ పేర్లు తెలియని తాతయ్యలు తక్కువ.

ఆ హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ 2016లో మూతపడింది. అంతకు చాలా ముందే, 1987లో మార్కెట్లోకొచ్చిన టైటాన్ పెళ్లిళ్ల సీటు లాగేసుకుంది. టైటాన్ ఫ్యాక్టరీ కూడా దూరమేం కాదు. తెలుగు మాట్లాడేవాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే హోసూరులోనే ఉంది.

ఇప్పుడు సీన్ మారింది. పెళ్లికొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయితే టైటాన్ కూడా చాలడం లేదు. అల్లుడు నోరు తెరిచి అడగడు. మధ్యవర్తి చెవిలో వేస్తాడు. 'మనోడికి వాచీలంటే ఇష్టమన్నా.. ఏదో ఒకటి స్విస్‌ది చూడు, చాలు' అని. ఆ 'ఏదో ఒకటి' వెనకాల ఎంత ఖర్చుందో పెళ్లికూతురి తండ్రికి షోరూమ్‌కి పోయాక గానీ అర్థం కాదు. ఎందుకంటే స్విస్ అనే ఒక్క మాట కింద కొన్ని వేల రూపాయల వాచీ ఉంది, కొన్ని కోట్ల వాచీ కూడా ఉంది.

ఇక్కడ చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం పెళ్లి పేరు చెప్పి అడిగి తీసుకునే విలువైన వస్తువు ఏదైనా కట్నమే. అది వాచీ అయినా సరే. ఎవరూ అడగకుండా, ఆనవాయితీగా, తమ స్తోమతకు తగ్గట్టు ఇచ్చే కానుకకు మాత్రమే మినహాయింపు ఉంది. అది కూడా కానుకల జాబితాలో రాసి ఉండాలి. మధ్యవర్తి చెవిలో వేసిన మాట 'అడగడం' కిందకు వస్తుందా రాదా అనేది కోర్టులో తేలాల్సిన విషయం. ఇంట్లో మాత్రం అందరికీ సమాధానం తెలుసు!

అసలు లెక్క ఇదీ..

ఒప్పందానికి ముందు స్విస్ వాచీల మీద కస్టమ్స్ సుంకం 20 శాతం. దాని మీద సర్‌ఛార్జి కలిపితే సుమారు 22 శాతం. ఇది ఏడేళ్లలో దశలవారీగా పోతుంది. దశలవారీగా అన్న మాట చాలా రీల్స్‌లో కనిపించదు. అక్కడే తిరకాసు ఉంది.

ఉదాహరణకు ఒక వాచీ దిగుమతి ధర 40 వేల రూపాయలు అనుకుందాం. ఇది షోరూమ్ ధర కాదు. ఓడరేవులోనో, ఎయిర్‌పోర్టులోనో దిగినప్పటి ధర. దీని మీద 22 శాతం సుంకం అంటే 8,800. మొత్తం 48,800. సుంకం ఏడు సమాన భాగాలుగా తగ్గుతుందనుకుంటే ఏటా తగ్గేది 3 శాతం పైచిలుకు. అంటే మొదటి ఏడాది మిగిలేది 1,250 రూపాయల చొప్పున. సరే, ఎంతో కొంత మిగిలింది కదా అనిపిస్తుంది. కానీ స్విస్ కంపెనీ బిల్లు వేసేది రూపాయల్లో కాదు, ఫ్రాంకుల్లో.

ఒప్పందం మీద సంతకాలు జరిగిన 2024 మార్చిలో ఒక స్విస్ ఫ్రాంక్ విలువ సుమారు 94 రూపాయలు. అమల్లోకి వచ్చిన 2025 అక్టోబర్ నాటికి అది 110 దాటింది. 94 దగ్గర 40 వేలు పలికిన అదే వాచీ, ఫ్రాంక్ 111 అయితే 47,200 పలుకుతుంది. దాని మీద మొదటి విడత తగ్గిన సుంకం, అంటే సుమారు 19 శాతం వేసినా మొత్తం 56 వేలు దాటిపోతుంది. సంతకాల రోజు 48,800. సుంకం తగ్గాక 56 వేలు! తగ్గింపు వచ్చింది, ధర పెరిగింది.

ఇంకా వింత ఏంటంటే.. ఏడేళ్లు ఆగి సుంకం పూర్తిగా సున్నా అయ్యాక చూసినా, ఫ్రాంక్ ఇదే రేటులో ఉంటే ఆ వాచీ దిగుమతి ఖర్చు 47,200. సంతకాల రోజుతో పోలిస్తే మిగిలేది 1,600 రూపాయలు. ఈ మధ్యలో ఫ్రాంక్ ఇంకా పెరిగితే ఆ మిగులూ ఉండదు. దీని మీద 18 శాతం జీఎస్టీ, డిస్ట్రిబ్యూటర్ మార్జిన్, షోరూమ్ మార్జిన్ అన్నీ అలాగే ఉంటాయి. కాబట్టి 'ఇప్పుడొద్దు, సుంకం తగ్గాక కొందాం' అని ముహూర్తం వాయిదా వేసుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

మరి స్విస్ కంపెనీలు ఇండియా మీద ఎందుకింత ఆశ పెట్టుకున్నాయి? వాళ్ల అమ్మకాల లెక్క చూస్తే తెలిసిపోతుంది. 2024లో స్విస్ వాచీల మొత్తం ఎగుమతులు సుమారు 26 బిలియన్ ఫ్రాంకులు, అంతకుముందు ఏడాది కంటే తక్కువ. చైనాకు ఎగుమతులు దాదాపు నాలుగో వంతు పడిపోయాయి. అదే ఏడాది ఇండియాకు మాత్రం దాదాపు నాలుగో వంతు పెరిగి 27 కోట్ల ఫ్రాంకులు దాటాయి. పైగా 2025 ఆగస్టులో అమెరికా స్విస్ వస్తువుల మీద 39 శాతం సుంకం వేసింది. నవంబర్‌లో దాన్ని 15 శాతానికి తగ్గించేలా ఒప్పందం కుదిరినా, ఒక్క మార్కెట్‌నే నమ్ముకోకూడదన్న భయం పట్టుకుంది. బెంగళూరు, హైదరాబాద్ మాల్స్‌లో కొత్త షోరూమ్‌లు తెరుచుకోవడం వెనక ఈ లెక్క ఉంది. వాళ్లకు కొత్త కస్టమర్ కావాలి. ఆ కొత్త కస్టమర్ ఎవరో కాదు.. నెలకు 60-70 వేలు జీతం తెచ్చుకునే రాయలసీమ కుర్రాడు కూడా అందులో ఉన్నాడు.

బడ్జెట్ ఎంతైతే ఏది?

10 వేల లోపు అయితే స్విస్ పేరుతో దొరికేది ప్రధానంగా స్వాచ్. ప్లాస్టిక్ బాడీ, రంగురంగుల డిజైన్లు, లోపల క్వార్ట్జ్. దీన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. 1970ల్లో జపాన్ క్వార్ట్జ్ దెబ్బకు స్విట్జర్లాండ్‌లో వాచీ ఉద్యోగాలు 90 వేల నుంచి 30 వేల చుట్టుపక్కలకు పడిపోయినప్పుడు, 1983లో వచ్చిన ఈ ప్లాస్టిక్ వాచీయే ఆ పరిశ్రమను ఒడ్డున పడేసింది. కానీ పెళ్లిలో పెడితే బంధువులు 'ఇదేంటి, పిల్లల వాచీలా ఉంది' అంటారు. నిజం చెప్పాలంటే ఈ బడ్జెట్‌లో టైటానో, క్యాసియోనో, సీకోనో కొనడమే తెలివైన పని. మరి 'స్విస్ డిజైన్', 'స్విస్ స్టైల్' అని ఆన్‌లైన్‌లో 3 వేలకు అమ్మేవి? వాటికి స్విట్జర్లాండ్‌తో ఏ సంబంధమూ ఉండక్కర్లేదు.

డయల్ మీద 6 అంకె దగ్గర అడుగున సన్నగా 'స్విస్ మేడ్' అని ఉంటేనే అది చట్టబద్ధమైన మాట. 2017 నుంచి స్విస్ చట్టం ఇంకా గట్టిపడింది. తయారీ ఖర్చులో కనీసం 60 శాతం స్విట్జర్లాండ్‌లో జరగాలి. లోపలి యంత్రం స్విస్‌దై ఉండాలి. కేసులో బిగించడం, ఆఖరి తనిఖీ అక్కడే జరగాలి. మిగతా 40 శాతం ఎక్కడి నుంచైనా రావచ్చు. వేల రూపాయల్లో దొరికే స్విస్ వాచీల్లో ఆసియా భాగాలు ఉండటం మోసమేం కాదు, చట్టం ఒప్పుకున్నదే. అయితే ఈ ముద్రను కొట్టడం నకిలీగాళ్లకు పెద్ద కష్టం కాదు కాబట్టి, ముద్ర ఒక్కటే చూసి డబ్బులివ్వకూడదు.

అసలైన పెళ్లి మార్కెట్ 25 వేల నుంచి 50 వేల మధ్యలో ఉంది. ఇక్కడ రాజు టిసో. 1853లో మొదలైన కంపెనీ, ఇప్పుడు స్వాచ్ గ్రూప్ చేతిలో ఉంది. ఈ ధరలో వచ్చేవి ఎక్కువగా క్వార్ట్జ్, అంటే బ్యాటరీతో నడిచేవి. ఇన్‌స్టాలో వాచీల పేజీలు చూసే కుర్రాళ్లు క్వార్ట్జ్ అనగానే మొహం చిట్లిస్తారు. ఆటోమేటిక్ అయితేనే వాచీ అంటారు. కానీ గుమ్మఘట్ట లాంటి ఊళ్లో బతికే మనిషికి క్వార్ట్జే నయం. ఎందుకంటే..

క్వార్ట్జ్ వాచీలో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. నెలకు పది, పదిహేను సెకన్ల కంటే ఎక్కువ తేడా రావడం అరుదు. ఆటోమేటిక్ వాచీ సంగతి అలా కాదు. స్విట్జర్లాండ్‌లో ఘనంగా చెప్పుకునే క్రోనోమీటర్ పరీక్ష పాసైన వాచీకే రోజుకు 4 సెకన్లు వెనక్కి, 6 సెకన్లు ముందుకు తేడా రావచ్చు. పదిహేను రోజుల పాటు పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చిన వాటి సంగతే ఇది. అంటే లక్షలు పోసిన వాచీ కంటే పక్కింటాయన చేతికున్న క్యాసియో కరెక్టు టైం చూపిస్తుంది! ఆటోమేటిక్ కొనేది టైం కోసం కాదు. లోపల తిరిగే చిన్న చిన్న చక్రాల మీద ఉన్న ఇష్టం కోసం. ఆ ఇష్టం ఉంటే తప్పకుండా కొనుక్కోవచ్చు. లేకపోతే మాత్రం అది తలనొప్పే.

ట్రాక్టర్ తోలే చెయ్యి, బోరు మోటర్ దగ్గర పనిచేసే చెయ్యి అయితే అదురు, దుమ్ము, చెమట మూడూ ఉంటాయి. మెకానికల్ వాచీకి ఆ మూడూ పడవు. స్పీకర్ల పక్కన, అయస్కాంతం ఉన్న వస్తువుల పక్కన పెడితే లోపలి స్ప్రింగుకు అయస్కాంతం పట్టి నిమిషాల కొద్దీ ఫాస్ట్ అవుతుంది. రెండు మూడు రోజులు తీసి బీరువాలో పెడితే ఆగిపోతుంది, మళ్లీ టైం పెట్టుకోవాలి. పండక్కి, పెళ్లికి మాత్రమే వాచీ పెట్టుకునే మనిషికి ఇది పెద్ద విసుగు.

తోలు పట్టీ వద్దు. అనంతపురం ఎండలో, చెమటకు ఏడాది తిరక్కుండానే వాసన కొడుతుంది, పగుళ్లిస్తుంది. స్టీలు చైను తీసుకుంటే పోయేదేం లేదు. అద్దం సఫైర్ అని బాక్సులో రాసి ఉందో లేదో చూడాలి. మామూలు మినరల్ అద్దం మీద మట్టి రాపిడికి గీతలు పడతాయి. ఇక '30 మీటర్లు' అని రాసి ఉంటే 30 మీటర్ల లోతు బావిలో ఈత కొట్టొచ్చని కాదు. చేతులు కడుక్కుంటే ఏం కాదని మాత్రమే. చెరువులో దూకే అలవాటుంటే 100 మీటర్ల వాచీ కావాలి.

50 వేలు దాటాక..

ఇక్కడి నుంచి ఆటోమేటిక్ ప్రపంచం. టిసో పవర్‌మాటిక్ 80 అనే యంత్రం ఉన్న మోడళ్లు లక్ష లోపే దొరుకుతాయి. చేతి నుంచి తీసి పెట్టినా 80 గంటలు నడుస్తుంది. శుక్రవారం రాత్రి తీసి పెడితే సోమవారం ఉదయానికి కూడా నడుస్తూనే ఉంటుందన్నమాట. ఇదే కుటుంబానికి చెందిన యంత్రాలను అదే గ్రూప్‌లోని హామిల్టన్, మిడో కూడా వాడతాయి. కాబట్టి ఈ మూడింటి మధ్య ఎంపికలో లోపలి యంత్రం గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ఏ డయల్ నచ్చితే అది. బెంగళూరులో ఆఫీసుకు పోయే అల్లుడికి పలచటి పీఆర్‌ఎక్స్ లాంటిది బాగుంటుంది. సింపుల్‌గా, మిలిటరీ లుక్ ఇష్టపడేవాళ్లకు హామిల్టన్ ఖాకీ.

లక్ష నుంచి మూడు లక్షల మధ్య లాంజీన్, రాడో ఎక్కువగా అమ్ముడుపోతాయి. రాడోది తెలుగువాళ్లకు ప్రత్యేకమైన కథ. కువైట్, దుబాయ్ పోయొచ్చిన మనిషి చేతికి రాడో ఉంటే ఊళ్లో లెక్కే వేరుండేది. 1962లో వచ్చిన డయాస్టార్ మోడల్ గీతలు పడని గట్టి లోహంతో చేసింది. బహుశా అందుకే గల్ఫ్ కూలీ కష్టానికి అది సరిపోయింది. ఇప్పుడా బ్రాండ్ సిరామిక్ మీద నడుస్తోంది. సిరామిక్ మీద గీతలు పడవు, కానీ బండ మీద గట్టిగా పడితే పగిలే ప్రమాదం ఉంది. స్టీలుకు సొట్ట పడుతుంది, సిరామిక్ ముక్కలవుతుంది. ఈ తేడా షోరూమ్ కుర్రాడు చెప్పకపోవచ్చు.

ఇక ఒమేగా, రోలెక్స్. సినిమా హీరో ఈవెంట్‌కి రిచర్డ్ మిల్లే పెట్టుకొస్తే దాని ధర మీద మర్నాడు వంద వార్తలు. వాటి గురించి ఇక్కడ పెద్దగా చెప్పుకునేదేం లేదు. 10 లక్షలు దాటిన వాచీ మీద 2025 ఏప్రిల్ 22 నుంచి షాపువాళ్లు ఒక శాతం టీసీఎస్ వసూలు చేస్తున్నారు. అది రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది. కానీ ఆ కొనుగోలు వివరం మాత్రం ఆదాయపన్ను శాఖ దగ్గర ఉండిపోతుంది. రెండు లక్షలు, అంతకు మించితే నగదు తీసుకోవడం షాపుకే చట్టవిరుద్ధం. వడ్డీకి తెచ్చిన నోట్ల కట్టలు సంచిలో వేసుకుని బెంగళూరు పోతే కుదరదు.

చేతికి కట్టిన వాచీ.. మెడకు చుట్టుకున్న రాజకీయం

వాచీ అనేది టైం చూసుకునే వస్తువు మాత్రమే అయితే రాజకీయాల్లో ఇంత రచ్చ జరిగేది కాదు. గుమ్మఘట్టకు పక్కనే ఉన్న కర్ణాటకనే తీసుకుంటే.. 2016లో అప్పటి సీఎం సిద్ధరామయ్య చేతికున్న వజ్రాల హుబ్లో వాచీ మీద కుమారస్వామి ఆరోపణలు చేశారు. దాని విలువ 70 లక్షల దాకా ఉంటుందని దుమారం రేగింది. విదేశాల్లో ఉండే మిత్రుడు ఇచ్చిన కానుక అని చెప్పిన సిద్ధరామయ్య, ఆఖరికి దాన్ని ప్రభుత్వ ఆస్తిగా అప్పగించేశారు. 2025 డిసెంబర్‌లో మళ్లీ అదే సీన్. సిద్ధరామయ్య, డిప్యూటీ సీఎం డీకే శివకుమార్ ఒకే రకం కార్టియర్ వాచీలతో బ్రేక్‌ఫాస్ట్ టేబుల్ దగ్గర కనిపించారు. బీజేపీ విరుచుకుపడింది. ఏడేళ్ల కిందట క్రెడిట్ కార్డు మీద 24 లక్షలు పెట్టి కొన్నానని శివకుమార్ జవాబిచ్చారు.

తమిళనాడులో బీజేపీ నేత అన్నామలై రాఫెల్ వాచీ కూడా ఇంతే. బెల్ అండ్ రాస్ కంపెనీ 500 మాత్రమే చేసిన మోడల్ అది. బిల్లు చూపించమని డీఎంకే వెంటపడితే, 2023లో ఆయన బిల్లు బయటపెట్టారు. ఒకరి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో 3 లక్షలకు కొన్నానన్నారు. తెలంగాణలోనూ 2024లో ఒక మంత్రి కుమారుడికి చెన్నై కస్టమ్స్ నుంచి నోటీసు వచ్చింది. విదేశాల నుంచి అక్రమంగా వచ్చిన ఖరీదైన వాచీల కేసులో ఇది. ఆరోపణలను ఆయన ఖండించారు.

పార్టీలు వేరు, రాష్ట్రాలు వేరు. అడిగిన ప్రశ్న మాత్రం ఒకటే.. బిల్లుందా? ఆ ప్రశ్న నాయకులకే కాదు, మామూలు కొనుగోలుదారుడికీ వర్తిస్తుంది. దుబాయ్ నుంచి, కువైట్ నుంచి వచ్చే చుట్టంతో వాచీ తెప్పించుకోవడం రాయలసీమలో మామూలే. ప్రయాణికుడి డ్యూటీ ఫ్రీ పరిమితి దాటిన వస్తువును ఎయిర్‌పోర్టులో చెప్పి సుంకం కట్టాల్సిందే. బాక్సు పారేసి చేతికి కట్టుకొస్తే సరిపోతుందన్న సలహా నమ్మితే, పట్టుబడినప్పుడు వాచీ పోతుంది, పైన జరిమానా పడుతుంది. ఎఫ్టా ఒప్పందంలోని సుంకం తగ్గింపు చూసి సూట్‌కేసులో వచ్చే వాచీకి కూడా అదే రేటు అనుకోకూడదు. బ్యాగేజీ నిబంధనలు వేరు.

ఫస్ట్ కాపీ వల

అసలైనది అందనివాళ్లకు ఎర వేసేది ఫస్ట్ కాపీ. ఇన్‌స్టాగ్రామ్‌లో 'సెవెన్ ఏ క్వాలిటీ', 'మాస్టర్ కాపీ' అంటూ 2,500కే రోలెక్స్! ఇది నకిలీ అని అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. పెళ్లిలో పెట్టినప్పుడు అవతలివాళ్లకు మాత్రం తెలీదు. తెలిసిన రోజు ఆ ఇంట్లో పిల్ల పరిస్థితి ఏంటన్నదే అసలు సమస్య. 2,500కు వచ్చిన వాచీ కోసం కొత్త కోడలు మాటలు పడటం కంటే, అదే డబ్బుతో ఒరిజినల్ టైటాన్ పెట్టి తలెత్తుకుని ఉండటం నయం కదా.

ఇంకో రకం మోసం పాత వాచీల్లో ఉంది. తాతల నాటి ఫావ్రే లూబా, వెస్ట్ ఎండ్ వాచీలకు ఇప్పుడు గిరాకీ పెరిగింది. రెండూ స్విస్‌వే, రెండూ బ్రిటిష్ కాలం నుంచీ ఇండియాలో అమ్ముడుపోయినవే. ఫావ్రే లూబా బ్రాండ్‌ను 2011లో టైటాన్ కొంటే, 2023లో ఎథోస్ కంపెనీ సొంతం చేసుకుంది. ఈ గిరాకీ చూసి పాత యంత్రానికి కొత్త రంగులద్ది, డయల్ మళ్లీ ముద్రించి 'వింటేజ్ స్విస్' అని ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకు అమ్ముతున్నారు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో తళతళలాడే 50 ఏళ్ల నాటి వాచీ కనిపిస్తే అనుమానించాల్సిందే. ఇంట్లో ట్రంకుపెట్టెలో అలాంటిది ఒకటి నిజంగా ఉంటే మాత్రం డయల్ తళతళ కోసం రంగు వేయించొద్దు. వెలిసిపోయిన అసలు డయల్‌కే విలువ.

వాచీనా.. బంగారమా?

షోరూముల్లో వినిపించే ఇంకో మాట 'ఇది ఇన్వెస్ట్‌మెంట్ సార్'. రోలెక్స్, పాటెక్ ఫిలిప్‌లోని కొన్ని మోడళ్లకు తప్ప ఇది వర్తించదు. వాటి సెకండ్ హ్యాండ్ రేట్లు కూడా 2022 మొదట్లో తారస్థాయికి వెళ్లి తర్వాత పడ్డాయి. 70 వేల టిసో షోరూమ్ గుమ్మం దాటగానే సెకండ్ హ్యాండ్. అమ్మబోతే సగం రావడమే గగనం.

కరువు నేల మీద ఈ తేడా చిన్నది కాదు. 2025 అక్టోబర్‌లో 10 గ్రాముల మేలిమి బంగారం 1.2 లక్షలు దాటింది. 70 వేలకు చిన్న ఆభరణమే వస్తుందని పెదవి విరవొచ్చు. కానీ వాన పడక, శెనక్కాయ చేను ఎండిన ఏడాది ఆ చిన్న ఉంగరాన్నే బ్యాంకులో కుదువ పెడితే విత్తనాలకు డబ్బొస్తుంది. వాచీని ఏ బ్యాంకూ కుదువ పెట్టుకోదు. పెళ్లికూతురి తండ్రి ఒకే మొత్తాన్ని ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తుంటే, అల్లుడి మణికట్టు కంటే కూతురి మెడలో పెట్టడానికే లెక్క మొగ్గుతుంది. తన జీతంతో తానే కొనుక్కునే కుర్రాడికి ఈ లెక్క అక్కర్లేదు. వాడి డబ్బు, వాడి ముచ్చట.

కొన్నాక వచ్చే ఖర్చును కూడా ముందే లెక్క వేసుకోవాలి. క్వార్ట్జ్‌కు రెండు మూడేళ్లకోసారి బ్యాటరీ. రాయదుర్గంలో మార్చేవాళ్లు ఉంటారు. కానీ వెనక మూత తీసి పెట్టాక నీరు చొరకుండా ప్రెషర్ టెస్ట్ చేసే మెషిన్ చిన్న షాపుల్లో ఉండదు. ఆ తర్వాత నీళ్లలో ముంచితే లోపల ఆవిరి పట్టే ప్రమాదం ఉంది. ఆటోమేటిక్‌కు ఐదారేళ్లకోసారి పూర్తి సర్వీసు కావాలి. దానికి బెంగళూరో, హైదరాబాదో పోవాల్సిందే, బిల్లు వేలల్లో పడుతుంది. కొనేటప్పుడే సర్వీస్ సెంటర్ ఎక్కడుందో, సుమారు ఎంతవుతుందో అడిగి తెలుసుకోవాలి.

బళ్లారి అయినా బెంగళూరు అయినా షోరూమ్‌కి వెళ్లేముందు ఆ బ్రాండ్ సొంత వెబ్‌సైట్‌లో అధీకృత డీలర్ల జాబితా ఉంటుంది, అందులో ఆ షాపు పేరుందో లేదో చూసుకోవాలి. డబ్బు కట్టాక వారంటీ కార్డు మీద వాచీ సీరియల్ నంబర్, కొన్న తేదీ, షాపు ముద్ర మూడూ పడాలి. ఆ సీరియల్ నంబర్, వాచీ వెనక మూత మీద చెక్కిన నంబర్ ఒకటే కావాలి. జీఎస్టీ బిల్లు పెళ్లికూతురి తండ్రి పేరు మీదే తీసుకుని, ఆ వాచీని పెళ్లి కానుకల జాబితాలో ధరతో సహా రాసి, ఇరుపక్షాల సంతకాలతో ఒక కాపీ పుట్టింట్లో ఉంచుకోవాలి.